సగానికి మరిగిన నీళ్ళు

2022 వానాకాలం. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లూ హాస్టళ్ళూ కిక్కిరిసిన ఒక సందులో, టిఫిన్ సెంటర్ పైన మొదటి అంతస్తులో మా నీటి పరీక్షల ల్యాబు. కింద నుంచి ఇడ్లీ ఆవిరి పైకొస్తుంది, మెట్లెక్కి జనం సీసాల్లో బోరు నీళ్ళు పట్టుకొస్తారు. కెమిస్ట్రీ చదివి, కొన్నాళ్ళు మందుల ఫ్యాక్టరీలో పనిచేసి, ఆ ఘాటు వాసనలు పడక బయటికొచ్చి పెట్టుకున్న ల్యాబు ఇది. మలక్‌పేటలో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి, ఇటు ఎల్బీ నగర్ దాకా ఏ కాలనీలో నీళ్ళు ఎలా ఉంటాయో నాకు తెలుసని కాస్త గర్వం కూడా ఉండేది.

నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది జుట్టు ఊడుతోందని వస్తారు. బోరు నీళ్ళ వల్లేనా మేడం అని అడుగుతారు. మీ నాన్నగారి ఫోటో ఉంటే చూపించండి, నీళ్ళ సంగతి తర్వాత చూద్దాం అంటాను. మిగతావాళ్ళు ఫిల్టర్లు అమ్మేవాళ్ళు భయపెడితే వస్తారు. ఆ అమ్మేవాళ్ళ చేతిలో పెన్నులాంటి మీటరు ఒకటి ఉంటుంది. గ్లాసులో ముంచితే టీడీఎస్ అని ఒక అంకె చూపిస్తుంది. టీడీఎస్ అంటే నీళ్ళలో కరిగి ఉన్న లవణాల మొత్తం. ఎంత కరిగిందో ఆ మీటరు చెబుతుంది గానీ, ఏది కరిగిందో చెప్పదు. అంకె పెద్దదైతే జనం హడలిపోతారు, చిన్నదైతే నిశ్చింతగా తాగేస్తారు. ఈ ముక్క వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది.

ఆ రోజు వాన వెలిసిన కాసేపటికి ముప్పై లోపు వయసున్న ఒకతను కూల్‌డ్రింక్ సీసా నిండా నీళ్ళు పట్టుకొని వచ్చాడు. కూల్‌డ్రింక్ సీసాలో తెచ్చిన నీళ్ళను నేను ముట్టుకోను. ఎంత కడిగినా అందులో చక్కెర జిగురు పోదు. ఆ మాటే కాస్త కసిరినట్టు చెప్పాను. అతను నొచ్చుకోలేదు, అసలు విన్నట్టే లేదు. సీసా బల్ల మీద పెట్టి నిలబడ్డాడు.

“పాపను రేపు ఇంటికి పంపిస్తరంట మేడం. నీళ్ళు చూపించకుండ మాత్రం తీస్కపోవద్దన్నరు.”

అతని పేరు ప్రభుదాస్. ఎల్బీ నగర్ దగ్గర ఒక ఫర్నిచర్ షాపులో వ్యాను నడుపుతాడు. మన్సూరాబాద్‌లో ఒక ఇంటి వెనక పోర్షన్‌లో భార్య సునీత, తల్లి సువార్తమ్మ, రెండు నెలల కూతురు గ్రేసీతో కిరాయికి ఉంటున్నాడు. కూచోబెట్టి అడిగితే సంగతంతా చెప్పాడు. కాన్పు తర్వాత సునీతకు జబ్బు చేసి గట్టి మందులు వాడాల్సి వచ్చింది, పాలు ఇవ్వకూడదన్నారు. పాపకు డబ్బా పాలు పట్టారు. కొన్ని వారాలు బాగానే ఉంది. ఒకరోజు పెదాల చుట్టూ నీలంగా కనిపించింది. చలికేమో అనుకున్నారు. మర్నాటికి గోళ్ళు, అరికాళ్ళు కూడా బూడిద రంగుకు తిరిగాయి. దవాఖానకు ఎత్తుకొని పరుగెత్తారు. గుండెలో రంధ్రం ఉందేమోనని స్కానింగు తీశారు, గుండె బాగానే ఉంది. దవాఖానలో ఉన్న నాలుగు రోజుల్లో పాప రంగు మామూలైంది, ఇంటికి పంపించారు. ఇంటికొచ్చిన వారానికే మళ్ళీ నీలం.

రెండోసారి ఒక పెద్ద డాక్టరమ్మ చూసింది. రక్తం తీయించి, ఆ సిరంజిని వెలుతురులో పట్టుకొని చూసిందట.

“రక్తం ఎర్రగ లేకుండె మేడం,” అన్నాడు ప్రభుదాస్. “చాక్లెట్ లెక్క ఉండె. నా బిడ్డ రక్తం గట్ల ఉంటదని...”

విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చాక పాప తేరుకుంది. పాలు ఏ నీళ్ళతో కలుపుతున్నారని డాక్టరమ్మ అడిగింది. బోరు నీళ్ళని చెబితే పరీక్ష చేయించి రమ్మంది. నీళ్ళల్లో ఏమీ లేకపోతే ఇది పుట్టుకతో వచ్చిన రక్తదోషం కావచ్చు, అప్పుడు ఇంకా పెద్ద పరీక్షలకు పోవాలని కూడా చెప్పింది.

నాకు అప్పటికే అనుమానం తగిలింది. చదువుకునే రోజుల్లో పుస్తకంలో చూసిన జబ్బు ఇది. నైట్రేట్ అనే లవణం తాగే నీళ్ళలో ఎక్కువైతే, నెలల పిల్లల ఒంట్లో రక్తం ఆక్సిజన్‌ను మోయలేకపోతుంది. పెద్దవాళ్ళు తట్టుకుంటారు, పసిపిల్లలు తట్టుకోలేరు. గాలి పీలుస్తూనే ఊపిరాడక నీలమైపోతారు. నైట్రేట్‌కు రంగు లేదు, వాసన లేదు. ఎరువుల నుంచో, మురుగు నుంచో భూమిలోకి దిగుతుంది. ఇన్నేళ్ళలో దాన్ని నేను కాగితం మీద అంకెగానే చూశాను, ఒక పాప పెదాల మీద ఉందని ఎప్పుడూ వినలేదు. మన్సూరాబాద్‌లో పొలాలెక్కడివి? డ్రైనేజీ లైను వచ్చి కూడా చాలా కాలమైంది. అది అయ్యుండదులే అనుకుంటూనే సంచీ సర్దుకొని, స్కూటీ మీద అతని బండి వెనకాలే బయల్దేరాను.

ఆ ఇల్లు చూడగానే ముచ్చటేసింది. ముందర పూలకుండీలు, గేటు పక్కన గోడకు బయటివైపు ఒక కుళాయి, దాని పైన పెయింటుతో ‘మంచినీళ్ళు’ అన్న అక్షరాలు. పక్కన కడుతున్న ఇంట్లో పనిచేసే కూలీలు అక్కడ సీసాలు నింపుకుంటున్నారు. ఇంటి యజమాని కోటేశ్వరరావు గారు కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి, బ్యాంకులో చేసి రిటైరయ్యారు. నీళ్ళ పరీక్షకు వచ్చానంటే ఆయన చిరాకు పడలేదు సరికదా సంబరపడ్డారు.

“చూడండమ్మా, తప్పకుండా చూడండి. ఈ కాలనీ మొత్తం మీద ఇంత తియ్యటి నీళ్ళు ఇంకో బోరులో లేవు. చనిపోయిన మా ఆవిడ పేరు మీద నలుగురికీ ఉపయోగపడాలని బయట పంపు కూడా పెట్టించాను.”

కొన్నేళ్ళ కిందట ఎండాకాలంలో ఆ బోరు ఎండిపోయిందట. సందంతా ట్యాంకర్ల కోసం ఎదురుచూస్తుంటే ఈయన పెరట్లో ఇంకుడు గుంత చేయించి, డాబా మీద పడిన ప్రతి వానచుక్కా అందులోకి దిగేలా పైపులు పెట్టించారు. రెండు వానాకాలాలు తిరిగేసరికి బోరు నిండింది. అప్పటిదాకా ఉప్పగా, గిన్నెలకు తెల్లగా చారలు కట్టే నీళ్ళు కాస్తా తియ్యగా మారాయి. అది వానపుణ్యమేనని నేను కూడా ఒప్పుకున్నాను. ఇలాంటివాళ్ళు సందుకొకరుంటే మాలాంటివాళ్ళం ల్యాబులు మూసుకోవచ్చని అంటే ఆయన హాయిగా నవ్వారు.

వెనక పోర్షన్ అంటే ఒక గది, చిన్న వంటిల్లు, ఆనుకొని బాత్రూము. సునీత దవాఖానలో పాప దగ్గర ఉంది, ఇంట్లో సువార్తమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఉంది. పొయ్యి మీద పెద్ద గిన్నెలో నీళ్ళు తెర్లుతున్నాయి. మర్నాడు పాప ఇంటికొస్తుందని అప్పటి నుంచే తయారీ. నన్ను చూడగానే ఆమె చేసిన మొదటి పని, గోడకున్న ఫిల్టరు తిప్పి స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పట్టి ఇవ్వడం.

“తాగు బిడ్డా. ఎండల పడి వచ్చినవ్.”

ఎండ లేదు, వానపడి వెలిసిన ఉక్కపోత. పరీక్షకు పోయిన ఇంట్లో నీళ్ళు తాగకూడదని నాకో నియమం ఉంది. కానీ ఆమె చేయి చాపి అలా నిలబడితే కాదనడానికి మనసొప్పలేదు. తాగాను. నిజంగానే బాగున్నాయి. ఇంకో గ్లాసు అడిగి మరీ తాగాను. ఆమె మొహం వెలిగింది.

ఆ ఫిల్టరు యూవీ రకం. లోపల ఒక దీపం ఉంటుంది, దాని వెలుతురు సూక్ష్మజీవులను చంపుతుంది. నీళ్ళలో కరిగిన లవణాల జోలికి అది పోదు. వాటిని తగ్గించాలంటే ఆర్‌ఓ కావాలి, అంటే సన్నటి పొర గుండా నీళ్ళను ఒత్తిడితో పంపే యంత్రం. ఫిల్టరు నీళ్ళు పెద్దవాళ్ళకేనని, పాపకు మాత్రం వాటినే మళ్ళీ మరగబెడతానని సువార్తమ్మ చెప్పింది. ఒక రోజు విడిచి ఒక రోజు మున్సిపాలిటీ నల్లా నీళ్ళు ముందరి ఇంటికి వస్తాయి గానీ, వాటికి క్లోరిన్ మందు వాసన కాబట్టి ఆ ఇంట్లో ఎవరూ తాగరు. పసిపిల్లకు మందు వాసన నీళ్ళు ఎట్ల పడతం అని ఆమె నన్నే అడిగింది.

“నా పెద్దకొడుకు వాంతులు బేదులయ్యి పోయిండు బిడ్డా, మా ఊరి బాయి నీళ్ళతోని. గప్పటిసంది మరగవెట్టకుండ చంటిపిల్లలకు నీళ్ళియ్య. ఉత్తగ మరిగితె సాలదు. గిన్నెల సగానికి రావాలె.”

నేను వింటూనే గ్లాసులో మళ్ళీ ఫిల్టరు నీళ్ళు పట్టి నా టీడీఎస్ మీటరు ముంచాను. అంకె ఆ చుట్టుపక్కల బోర్లన్నిటికన్నా మెరుగ్గానే ఉంది. ఫిల్టరు అమ్మినవాడు కూడా ఇదే చూపించి భేష్ అని ఉంటాడు. తర్వాత నైట్రేట్ స్ట్రిప్ తీశాను. చివర చిన్న రసాయనపు గడి ఉండే ప్లాస్టిక్ పట్టీ అది. నీళ్ళలో ముంచి తీసి ఒక నిమిషం ఆగితే, నైట్రేట్ ఉన్నకొద్దీ ఆ గడికి గులాబీ రంగు ఎక్కుతుంది. డబ్బా మీదున్న రంగుల వరసతో పోల్చుకోవాలి. మన దేశంలో తాగే నీళ్ళకు లీటరుకు నలభై అయిదు మిల్లీగ్రాములు హద్దు. ఆ హద్దు దగ్గర రంగు లేత గులాబీలో ఉంటుంది.

రంగు ఎక్కడం మొదలైంది. లేత గులాబీ దగ్గర ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. చూస్తుండగానే ముదిరి, వరసలో దాదాపు చివరి గడి దాకా పోయింది. పట్టీ పాతదేమో, తడి తగిలిందేమో అనుకొని కొత్త డబ్బా విప్పాను. మళ్ళీ అదే రంగు. బోరు దగ్గరికి పోయి నేరుగా పంపు నుంచి పట్టి చూశాను. అదే. ఇందాక రెండో గ్లాసు అడిగి తాగిన నీళ్ళవి.

పొయ్యి పక్కన ఫ్లాస్కు ఉంది. మర్నాటి కోసం అప్పటికే సగానికి మరిగించి, చల్లార్చి పోసి పెట్టిన నీళ్ళు. ఒక్క చెంచా పొయ్యమని అడిగి అందులో పట్టీ ముంచాను. నిమిషం కూడా పట్టలేదు. వంకాయ రంగు వచ్చింది. ఆ రంగు డబ్బా మీద ఎక్కడా లేదు.

పదిహేనేళ్ళకు పైగా ఈ పని చేస్తున్నాను, అలాంటి రంగు చూడటం అదే మొదటిసారి. ప్రభుదాస్ నా మొహం చూస్తున్నాడు. పాపకు ఈ నీళ్ళు చుక్క కూడా పట్టొద్దని, ఇప్పుడే దవాఖానకు ఫోను చేసి డాక్టరమ్మకు నైట్రేట్ అన్న మాట చెప్పమని అన్నాను. అతను ఫోను చెవికి పెట్టుకొని బయటికి పరుగెత్తాడు. సువార్తమ్మకు ఇదేదీ సరిగ్గా అర్థం కాలేదు. నీళ్ళల్లో ఏదో చెడు ఉందని మాత్రం తెలిసింది. ఆమె చటుక్కున స్టవ్ మంట పెద్దది చేసింది.

“ఇంకో జర మరగవెట్టాల్నా బిడ్డా?”

చేయి చాపి స్టవ్ ఆర్పేశాను. మళ్ళీ వచ్చి చెబుతా పెద్దమ్మా, అప్పటిదాకా ఈ నీళ్ళు ఎవరూ ముట్టొద్దు అని మాత్రం చెప్పి పెరట్లోకి వచ్చేశాను.

ఇంత నైట్రేట్ ఊరికే రాదు. కోటేశ్వరరావు గారిని పిలిచి, ఇక్కడ ఎప్పుడైనా పశువులు కట్టేవారా, పేడకుప్ప ఉండేదా అని అడిగాను. ఏమీ లేదన్నారు. ఇంకుడు గుంత చూపించమన్నాను. బాత్రూము గోడను ఆనుకొని పొడుగాటి సిమెంటు గట్టు, దాని మీద కరివేపాకు కుండీలు. దానికి బారెడు దూరంలో బోరు. గుంత ఇంత చక్కగా సిమెంటు గోడలతో ఎవరు కట్టారండీ అని అడిగాను.

“కట్టడమెందుకమ్మా, ఉన్నదేగా. మా పాత సెప్టిక్ ట్యాంకు. డ్రైనేజీ లైను వచ్చాక అందరూ వాళ్ళ ట్యాంకుల్లో చెత్తా రాళ్ళూ పోసి పూడ్చేశారు. నేను మాత్రం లారీ పిలిపించి మొత్తం తోడించి, వేసవంతా ఎండబెట్టి, అడుగు పగలగొట్టించి కంకర, ఇసుక పోయించాను. వృథా ఎందుకు చెయ్యాలి చెప్పండి?”

నేను ఆ గట్టుకూ బోరుకూ మధ్య అడుగులు లెక్కపెట్టాను. ఆయన మాత్రం ఇంకా మెచ్చుకోలు కోసమే చూస్తున్నారు. ఆ ఆలోచన చూసి ముచ్చటపడి సందులో ఇంకో రెండిళ్ళవాళ్ళు కూడా అలాగే చేయించుకున్నారట. ఏళ్ళ తరబడి మురుగు పీల్చుకున్న మట్టి ఎంత ఎండినా అందులో ఉన్నది ఎక్కడికీ పోదు. దాని మీద ఏటేటా వాననీళ్ళు వదిలితే, కడిగినట్టు కడిగి బోరులోకి దింపుతాయి. కానీ నాకు ఇంకో లెక్క తేలలేదు. పాత మట్టి నుంచే అయితే ఇన్ని వానలకు కొంతైనా తగ్గాలి. ఈ రంగు చూస్తే ఎక్కడి నుంచో కొత్తగా వచ్చి చేరుతున్నట్టుంది.

కాలనీలో ప్లంబింగ్ పనులు చేసే యాదగిరిని పిలిపించాం. నా సంచీలో ఎప్పుడూ ఒక పొడి ఉంటుంది, ఫ్లోరెసీన్ అంటారు. నీళ్ళలో చిటికెడు వేస్తే మెరిసే పచ్చరంగు వస్తుంది, ఎవరికీ హాని లేదు. ఏ పైపు ఎక్కడికి పోతోందో కనిపెట్టడానికి వాడతాం. యాదగిరి వీధిలో మ్యాన్‌హోల్ మూత తీసి నిలబడ్డాడు. నేను ముందరి ఇంటి మరుగుదొడ్డిలో రంగు వేసి నాలుగు బకెట్లు కొట్టాను. వచ్చింది మేడం అని అరిచాడు. కోటేశ్వరరావు గారు చెప్పానుగా అన్నట్టు చూశారు.

మురుగు కొట్టుకుపోయి రంగు పలచబడ్డాక, వెనక పోర్షన్ బాత్రూములో వేశాను. నీళ్ళు కొట్టాను. ఎదురుచూశాం. మళ్ళీ కొట్టాను. యాదగిరి వీధిలోంచి పెరట్లోకి వచ్చి తల అడ్డంగా ఊపాడు. ఎన్ని బకెట్లు పోసినా మ్యాన్‌హోల్‌లో పచ్చదనం జాడ లేదు. మరి ఆ నీళ్ళన్నీ ఎటు పోతున్నట్టు? ముగ్గురం ఒకేసారి కరివేపాకు కుండీల వైపు చూశాం.

కుండీలు దించి, పైన పలక లేపి, యాదగిరి ఇసుక తోడాడు. బాత్రూము గోడవైపు మూలన కంకర తగిలింది. ఇంకాస్త లోతుకు పోయేసరికి వాసన గుప్పుమంది. యాదగిరి మొహం పక్కకు తిప్పుకొని, చేతికందిన కంకర పైకి తీశాడు. దాని నుంచి పచ్చగా నీళ్ళు కారుతున్నాయి.

యాదగిరే పైపు కొస తడిమి చూసి చెప్పాడు. డ్రైనేజీ లైను వేసినప్పుడు ముందరి ఇంటి పైపును మాత్రమే వీధిలోకి కలిపారు. వెనక పోర్షన్ ముందరి ఇల్లు కట్టిన తర్వాతెప్పుడో కట్టింది, దాని పైపు నేల కిందుగా నేరుగా ట్యాంకు గోడలోకి దూరి ఉంది. దాన్ని ఎవరూ చూడలేదు. అప్పుడు ఆ పోర్షన్ ఖాళీగా ఉంది కాబట్టి ట్యాంకు శుభ్రంగా ఎండింది, పైపు కొస ఇసుకా కంకర కింద కప్పుకుపోయింది. నిరుడు ప్రభుదాస్ వాళ్ళు అందులో దిగిన రోజు నుంచీ వాళ్ళ మరుగుదొడ్డి ఇంకుడు గుంతలోకి, ఇంకుడు గుంత బోరులోకి, బోరు పాప పాలసీసాలోకి. క్రిములను ఫిల్టరు చంపుతూ వచ్చింది, వాసనను మట్టి మింగేసింది. మిగిలిన నైట్రేట్‌ను ఆపడానికి మధ్యలో ఏమీ లేదు.

కోటేశ్వరరావు గారు ఆ పచ్చటి కంకర వంకే చూస్తూ నిలబడిపోయారు. “నేను దగ్గరుండి ఎండబెట్టించానమ్మా,” అన్నారు రెండుసార్లు, నాతో కాదు. తర్వాత గబగబా గేటు వైపు నడిచారు. బయట ఒక కూలీ అప్పుడే సీసా నింపి నోట పెట్టుకోబోతున్నాడు. ఈయన వెళ్ళి ఆ సీసా పట్టుకున్నారు. తాగొద్దు బాబూ, పారబొయ్యి అన్నారు. ఎందుకు సార్ అని అతను అడిగాడు. కుళాయి కట్టేసి, దాని పైన రాసి ఉన్న భార్య జ్ఞాపకార్థపు ‘మంచినీళ్ళు’ కిందనే అరుగు మీద కూలబడ్డారు. ఆయన మీద నాకు కోపం రాలేదు. నలుగురికీ మేలు చేయబోయిన మనిషి అలా కూలబడటం చూడలేక తల తిప్పుకున్నాను.

సువార్తమ్మకు చెప్పాల్సింది ఇంకా మిగిలే ఉంది. వంటింట్లోకి పోయేసరికి ఆమె స్టవ్ దగ్గరే, నేను వదిలేసిన చోటే నిలబడి ఉంది. ఫ్లాస్కు రెండు చేతులతో పట్టుకొని ఉంది. పెరట్లో మాటలన్నీ విన్నదేమో, మురుగు సంగతి అడగలేదు. ఆమెకు కావాల్సింది వేరే.

“మరగవెడితె గది పోదా బిడ్డా?”

పోతుందని ఒక్క మాట అనేస్తే ఆ ముసలామె ప్రాణం హాయిగా ఉండేది. ఆ క్షణంలో నాకూ అలాగే అనాలనిపించింది. కానీ రేపు పాప ఇంటికొస్తుంది, పాలు కలిపేది ఈ చేతులే. ఆమెను పీట మీద కూచోబెట్టి నేనూ ఎదురుగా కూచున్నాను. “పురుగులుంటే చచ్చిపోతయ్ పెద్దమ్మా, అది నిజమే. కానీ ఇది పురుగు కాదు. ఉప్పు లెక్క నీళ్ళల్ల కరిగిపోయి ఉన్నది. నీళ్ళు ఆవిరైతయ్ గానీ అది ఆవిరి కాదు,” అన్నాను.

ఆమె పొయ్యి మీది గిన్నె వంక చూసింది, లోపల నీళ్ళు సగానికి వచ్చి ఉన్నాయి.

“పులుసు ఎక్కువ మరిగితె ఉప్పయితది. గట్లనా?”

“గట్లనే పెద్దమ్మా.”

“సగానికి మరిగిస్తె?”

చెప్పాను. రెండింతలు అవుతుందని నా నోటితోనే చెప్పాను. నా వృత్తిలో ఎంతోమందికి ఎన్నో చెడ్డ అంకెలు చెప్పాను. అంత కష్టమైన అంకె ఇంకోటి లేదు. ఆమె ఏడవలేదు. ఫ్లాస్కు మూత విప్పి, నీళ్ళన్నీ మోరీలో వంచేసి, ఖాళీ ఫ్లాస్కును బోర్లించి పెట్టింది. తర్వాత తన రెండు చేతుల వంక చూసుకుంటూ కూచుంది. పెద్దకొడుకు పోయినప్పుడు మరగబెట్టలేదని ఏడ్చిన మనిషికి, ఇప్పుడు మరగబెట్టినందుకు ఏడవాలో ఏమో తెలియలేదని నాకు అర్థమైంది. ఏదో ఒకటి చెప్పాలని, నీళ్ళు చూపించకుండా పాపను తీసుకుపోవద్దని దవాఖానలో అన్నారు కాబట్టే ఇది బయటపడింది, పాప రేపు క్షేమంగా వస్తుంది అన్నాను. ఆమె తలూపింది గానీ విన్నదో లేదో తెలియదు.

సాయంత్రం ల్యాబులో యంత్రం మీద పెట్టి చూస్తే బోరు నీళ్ళలో నైట్రేట్ హద్దుకు ఎన్నో రెట్లు ఉంది. డాక్టరమ్మతో నేనే ఫోనులో మాట్లాడాను. ఆవిడ ఆ అంకె రాసుకొని, ఇక రక్తదోషం పరీక్షలు అక్కర్లేదు, నీళ్ళు మారిస్తే చాలు అంది. ఆ మాట విన్న తర్వాత మెట్ల మీద కూచుండిపోయాను. కింద టిఫిన్ సెంటర్ అతను పైకి చూసి, ఏమైంది మేడం, టీ పంపాల్నా అని అడిగాడు.

కోటేశ్వరరావు గారు ఒక్క రోజు కూడా ఆగలేదు. పాప ఇంటికి రాకముందే నల్లా లైను వెనక పోర్షన్‌కు కలిపించారు. తర్వాత బాత్రూము పైపు వీధిలోకి వేయించారు, గుంతకు వాననీళ్ళు పోయే పైపులు కోయించేశారు. బోరు నీళ్ళు నేల కడగడానికే. తనను చూసి ట్యాంకులను గుంతలుగా మార్చుకున్న ఆ రెండిళ్ళకూ నన్ను వెంటబెట్టుకొని వెళ్ళి, జరిగింది దాచకుండా తన నోటితోనే చెప్పారు. ఎన్నాళ్ళ నుంచో తనను పీడిస్తున్న కడుపునొప్పి ఆవకాయ వల్ల అనుకున్నానని కూడా చెప్పారు. ఆ మాటకు ఇంకోరోజైతే నవ్వేదాన్ని. నల్లా నీళ్ళ మందు వాసనే మనకు కాపలా, దాన్ని తిట్టుకోకండి అని సందులో అందరికీ నేను చెప్పుకుంటూ తిరిగాను.

ఆ తర్వాత నా పనిలో ఒకటి మారింది. ఇదివరకు ఎవరు నీళ్ళు తెచ్చినా బోరు ఎంత లోతు, ఎప్పుడు వేయించారు అని మొదలుపెట్టేదాన్ని. ఇప్పుడు మొదట అడిగేది, ఈ నీళ్ళు ఎవరు తాగుతారని. ఇంట్లో చంటిపిల్ల ఉందా, పాలు వేటితో కలుపుతారు, మరగబెడితే ఎంతసేపు, పాత సెప్టిక్ ట్యాంకు ఇప్పుడు ఏమైంది, ఇవన్నీ అడిగాకే సీసా మూత తీస్తాను. జుట్టు గురించి వచ్చినవాళ్ళు ఈ ప్రశ్నలకు నన్ను వింతగా చూస్తారు. చూడనివ్వండి. నీళ్ళు తియ్యగా ఉండటం, తేటగా ఉండటం, మరిగి ఉండటం, ఈ మూడింటినీ నేను కూడా ఎంత సులువుగా నమ్మానో నాకు తెలుసు.

కొన్ని నెలలకు మళ్ళీ పరీక్ష కోసం ఆ ఇంటికి పోయాను. గ్రేసీ చాప మీద బోర్లా పడి నా సంచీ వార్లు లాగుతోంది. పెదాలు ఎర్రగా ఉన్నాయి. నేను అవే చూస్తూ ఉండిపోయాను. సునీత టీ పెట్టి ఇచ్చింది. సువార్తమ్మ గడప పక్కన కూచొని ఉంది, పలకరించింది గానీ లేవలేదు. ఇప్పుడు ఇంటికి ఎవరొచ్చినా అత్తమ్మ తన చేత్తో నీళ్ళియ్యదు మేడం, పాపకు పాలు కూడా నన్నే కలపమంటది, గిన్నెను ముట్టదు అని సునీత మెల్లగా చెప్పింది.

టీ కప్పు పక్కన పెట్టాను.

“పెద్దమ్మా, జర మంచినీళ్ళియ్యు.”

ఆమె నా వంక చూసింది. సునీత లేవబోతే నేను చేత్తో ఆపాను. చాలాసేపటికి సువార్తమ్మ మోకాళ్ళ మీద చేతులానించి లేచి వంటింట్లోకి పోయింది. లోపల గిన్నె మూత తీసిన చప్పుడు, మళ్ళీ పెట్టిన చప్పుడు. ఆ స్టీలు గ్లాసే తెచ్చింది, రెండు చేతులతో పట్టుకొని.

“నల్లా నీళ్ళే బిడ్డా,” అంది. “ఒక్క పొంగు రాంగనే కోడలు దించింది.”

గ్లాసు నిండా ఉన్నాయి. మందు వాసన కాస్త వస్తూనే ఉంది. ఆమె నా ఎదురుగా నిలబడి, చివరి గుక్క దిగేదాకా నా గొంతు వంకే చూసింది. ఖాళీ గ్లాసు ఆమె చేతికిచ్చి, ఇంకో గ్లాసు అడిగాను.